స్కానర్ రాసేది ఫిర్యాదే, తీర్పు కాదు

పదేళ్ళు దాటిన కారు షెడ్డుకు వస్తే ఇప్పుడు బానెట్ లేవకముందే స్టీరింగ్ కిందకు చెయ్యి పోతోంది. అక్కడున్న పదహారు పిన్నుల సాకెట్‌కు చిన్న డబ్బా తగిలిస్తారు. ఫోన్ తెర మీద ఒక అక్షరం, నాలుగు అంకెలు, వాటి పక్కన ఏదో సెన్సర్ పేరు కనిపిస్తాయి. కుర్రాడు స్పేర్‌పార్ట్స్ కొట్టుకు పరిగెడతాడు. పార్టు మారుతుంది, డ్యాష్‌బోర్డు మీద పసుపుపచ్చ లైటు ఆరుతుంది, బిల్లు చేతిలో పడుతుంది. వారం తిరక్కుండా లైటు మళ్ళీ వెలుగుతుంది. ఈసారి ఇంకో పార్టు.

ఇంత జరిగినా యజమాని నమ్మకం చెక్కుచెదరదు. "ఇప్పుడన్నీ కంప్యూటర్ బళ్ళండీ, స్కానర్ పెడితే జబ్బేంటో అదే చెప్పేస్తుంది" అంటాడు. సెకండ్ హ్యాండ్ కార్ల బ్రోకర్లు ఆ మాటనే తిరగేసి వాడుకుంటారు: "స్కాన్ చేయించాం సార్, ఒక్క కోడ్ లేదు. ఇంజన్, గేర్‌బాక్స్ రెండూ పక్కా." కోడ్ ఉంటే అదే జబ్బు, కోడ్ లేకపోతే జబ్బే లేదు అనే ఈ సిద్ధాంతం పాత బళ్ళ విషయంలో రెండు వైపులా తప్పు.

అయితే ఈ నమ్మకం ఊరికే పుట్టలేదు. కొన్ని దశాబ్దాల పాటు బండి యజమానులు మెకానిక్ నోటిమాట మీద బతికారు. రెండుసార్లు రేస్ చేసి, సైలెన్సర్ దగ్గర చెయ్యి పెట్టి చూసి, "బోరుకొచ్చింది అన్నా, ఇంజన్ దింపాల్సిందే" అంటే ఎదురు చెప్పే దారి లేదు. అలా అనవసరంగా దిగిన ఇంజన్లు ఎన్నో. మనిషి మాటకు బదులు యంత్రం రాసిచ్చిన అంకె దొరికేసరికి జనానికి ప్రాణం లేచివచ్చింది. ఆ కష్టం నిజమే. ఆ అంకె దేని గురించి చెబుతోందన్న ప్రశ్న మాత్రం ఎవరూ వేయలేదు.

ఓబీడీ అని పిలిచే ఈ ఏర్పాటు మెకానిక్ కోసం పుట్టింది కాదు, పొగ కోసం పుట్టింది. లాస్ ఏంజెలెస్ గాలి పాడైపోతోందని కాలిఫోర్నియా గాలి కాలుష్య మండలి 1988 మోడళ్ళ నుంచి తన తొలి నిబంధన పెట్టింది. 1996 మోడళ్ళ నుంచి అమెరికా అంతటా ఓబీడీ-2 తప్పనిసరైంది. మన దేశంలోనూ ఇది కాలుష్య నిబంధనల వెంటే వచ్చింది. 2010 ఏప్రిల్‌లో హైదరాబాద్ సహా 13 నగరాల్లో బీఎస్-4 అమలైనప్పుడు ఓబీడీ మొదటి దశ, 2013 ఏప్రిల్‌లో రెండో దశ వచ్చాయి. అంతకు ముందు నాటి బళ్ళలో చాలావాటికి ఈ చదువు సగమే ఉంటుంది. కార్బురేటర్ మారుతి 800కు అసలే లేదు.

పుట్టుక తెలిస్తే పరిధీ తెలుస్తుంది. అమెరికా నిబంధనలో స్థూలంగా చెప్పుకునే గీత ఏమిటంటే, ఏదైనా లోపం వల్ల పొగలోని విషం అనుమతించిన మోతాదుకు ఒకటిన్నర రెట్లు దాటే పరిస్థితి వస్తే లైటు వెలగాలి. కంప్యూటర్ రాత్రింబగళ్ళు వేసుకునే ప్రశ్న అదే. కాన్‌రాడ్ బేరింగ్ ఎంత అరిగింది, క్లచ్ ప్లేట్ ఎంత మిగిలింది, సెకండ్ గేరు సింక్రోనైజర్ ఎలా ఉంది, ఇంజన్ మౌంటింగ్ రబ్బరు చిరిగిందా అన్నవి దాని సిలబస్‌లో లేవు. పాత బండి కొన్నవాడి జేబు చిల్లుపడేది సరిగ్గా వీటి దగ్గరే.

సిలబస్‌లో ఉన్నవాటి సంగతి చూసినా, కోడ్ పక్కన ఉండే పేరు చాలాసార్లు నేరస్థుడిది కాదు, స్టేషన్‌కు వచ్చి ఫిర్యాదు రాసిచ్చిన వాడిది. ఫిర్యాదీనే పట్టుకుని లోపల వేస్తున్నారు మన షెడ్లలో.

పి0171 అనే కోడ్ తీసుకుందాం. పెట్రోల్ మిశ్రమంలో గాలి ఎక్కువైంది, పెట్రోల్ చాలడం లేదు అని దాని అర్థం. ఆ సంగతి చెప్పింది సైలెన్సర్ గొట్టంలోని ఆక్సిజన్ సెన్సర్ కాబట్టి ముందు దాన్నే మార్చేస్తారు. పాపం అది చేసిన తప్పు నిజం చెప్పడమే. ఇదే స్కానర్‌లో కోడ్ దాటి లోపలికి వెళ్తే ఫ్యూయల్ ట్రిమ్ అని ఒక అంకె ఉంటుంది. కంప్యూటర్ తన లెక్క కంటే ఎంత శాతం పెట్రోల్ ఎక్కువ పోస్తోందో అది చెబుతుంది. ఎయిర్ ఫ్లో సెన్సర్ ఉన్న బండిలో స్లోలో ఉన్నప్పుడు ఆ అంకె 20 దాటి ఉండి, 2,500 ఆర్‌పీఎంకు రేస్ చేస్తే అయిదుకో నాలుగుకో పడిపోతే, దొంగగాలి ఎక్కడో లోపలికి దూరుతోందన్నమాట. స్లోలో ఇంజన్ పీల్చే గాలే తక్కువ, అందులో దొంగగాలి వాటా పెద్దది. రేస్ చేస్తే ఆ వాటా చిన్నదవుతుంది. అదే అంకె బరువు పడేకొద్దీ పెరుగుతుంటే అనుమానించాల్సింది పెట్రోల్ పంపునో, ఫిల్టర్‌నో, మురికి పట్టిన ఎయిర్ ఫ్లో సెన్సర్‌నో.

పన్నెండేళ్ళ బండిలో ఇంటేక్ మానిఫోల్డ్ వెనక, కంటికి ఆనని చోట, ఎండిపోయి పగిలిన వేలెడంత రబ్బరు గొట్టం ఉండడం మామూలే. పొగ పంపి చూస్తే ఆ పగులు దగ్గర సన్నగా బయటికి వస్తుంది. కొలిచి వెతికితే దొరికేది ఆ గొట్టం. కోడ్ చదివి కొంటే వచ్చేది కొత్త సెన్సర్, ఆ వెనకే పాత లైటు.

పి0420దీ ఇదే కథ, కాకపోతే బిల్లు పెద్దది. కెటలిటిక్ కన్వర్టర్ పని తగ్గిందని ఆ కోడ్ అర్థం. కన్వర్టర్‌కు ముందొకటి, వెనకొకటి ఉన్న రెండు ఆక్సిజన్ సెన్సర్ల రాతలు ఒకేలా కనిపిస్తే కంప్యూటర్ ఈ నిర్ణయానికి వస్తుంది. మధ్యలో సైలెన్సర్ గొట్టం లీకైనా రాతలు తారుమారవుతాయి. నిజంగానే కన్వర్టర్ పోయినా, అది తనంతట తాను పోవడం అరుదు. రింగుల సందుల్లోంచి ఆయిల్ పైకెక్కి కాలుతుంటే అందులోని భాస్వరం దాని లోపలి పూతను చంపేస్తుంది. మిస్సింగ్ ఉంటే కాలని పెట్రోల్ అక్కడికి చేరి మండి దాన్ని కరిగిస్తుంది. ఆయిల్ తాగే ఇంజన్‌కు కొత్త కన్వర్టర్ తగిలించడమంటే రెండో కన్వర్టర్‌కు కూడా ముహూర్తం పెట్టుకోవడమే.

డీజిల్ బళ్ళ దగ్గర ఈ తొందరపాటుకు ఇంకా ఎక్కువ ఖరీదు. మన రోడ్ల మీద స్విఫ్ట్, డిజైర్, రిట్జ్, విస్టా, పుంటో ఇన్నిట్లోనూ తిరిగింది ఒకే ఇంజన్: ఫియట్ 1,248 సీసీ మల్టీజెట్. అలాంటి కామన్ రైల్ డీజిల్ స్టార్ట్ అవ్వాలంటే రైల్‌లో సుమారు 200 బార్ల ఒత్తిడి పుట్టాలి. ఒత్తిడి చాలకపోతే పి0087 వస్తుంది, వెంటనే "పంపు పోయింది" అనే మాటా వస్తుంది. నిజానికి మూసుకుపోయిన ఫిల్టర్, లైన్‌లో పట్టిన ఎయిర్, రెగ్యులేటర్, కారుతున్న నాజిల్... వీటిలో ఏది చెడినా కోడ్ అదే. తేల్చడానికి నాలుగు చిన్న సీసాలు చాలు. నాలుగు నాజిల్స్ రిటర్న్ గొట్టాలు విప్పి, ఒక్కో దానికి ఒక్కో సీసా కట్టి ఇంజన్ నడిపితే, మూడు సీసాల్లో అడుగున కాస్త డీజిల్ చేరేలోపు నాలుగోది సగం నిండిందనుకోండి, ఒత్తిడి ఎటు కారిపోతోందో అక్కడే కళ్ళకు కనబడుతుంది. అప్పుడు మార్చాల్సింది ఒక్క నాజిల్. ఈ పరీక్ష చేయకుండా హై ప్రెషర్ పంపు విప్పిన షెడ్డు, కస్టమర్ డబ్బుతో జూదమాడినట్టే.

ఒకేసారి నాలుగైదు కోడ్లు, ఒకదానికొకటి సంబంధం లేనివి వస్తే చాలామంది కంప్యూటరే పోయిందంటారు. ముందు చూడాల్సింది బ్యాటరీ నెగటివ్ నుంచి ఇంజన్‌కు వెళ్ళే ఎర్త్ తీగ. సెల్ఫ్ కొడుతున్నప్పుడు మల్టీమీటర్ ఒక కొన బ్యాటరీ నెగటివ్ మీద, రెండో కొన ఇంజన్ ఇనుము మీద పెడితే 0.2 వోల్టుల లోపు చూపాలి. అంతకు బాగా ఎక్కువ చూపిందంటే తుప్పు పట్టిన ఆ తీగ సెన్సర్లన్నిటి చేతా అబద్ధాలు చెప్పిస్తోందని అనుమానించాలి.

ఇదంతా కంప్యూటర్‌కు కనిపించి, మనుషులు తప్పుగా చదివిన వాటి గురించి. దానికి అసలు కనిపించనివాటి మాటేమిటి? దీనికి కంపెనీల చరిత్రే సాక్ష్యం.

2015 సెప్టెంబరులో హ్యుందాయ్ అమెరికాలో 2011, 2012 మోడళ్ళ సొనాటాలు సుమారు 4,70,000 వెనక్కి పిలిచింది. అలబామా ప్లాంటులో క్రాంక్‌షాఫ్ట్ తయారీలో మిగిలిన లోహపు తునకలు పూర్తిగా పోకపోవడంతో, కాన్‌రాడ్ బేరింగులకు ఆయిల్ సరిగా అందక అవి అరిగిపోతున్నాయని కారణం చెప్పింది. నడుస్తూ నడుస్తూ ఇంజన్ పట్టేసే ప్రమాదమది. ఇంత పెద్ద జబ్బును ఆ కార్లలోని కంప్యూటర్ ముందుగా పసిగట్టలేకపోయింది, ఎందుకంటే ఎవరూ దానికి ఆ పని చెప్పలేదు. తర్వాత 2018లో కంపెనీ ఉన్న నాక్ సెన్సర్‌కే కొత్త సాఫ్ట్‌వేర్ రాసి, బేరింగ్ అదురును గుర్తుపట్టడం నేర్పింది. అప్పటి నుంచే పి1326 అనే కోడ్ ఆ పని మొదలుపెట్టింది. అంతకు ముందు రోజు అదే కారుకు స్కానర్ పెడితే "కోడ్ లేదు, ఇంజన్ పక్కా" అనే వచ్చేది. ఇంకో విశేషం: ఆ కోడ్ వచ్చిన కార్లకు కూడా కంపెనీ నేరుగా ఇంజన్ మార్చేయమనలేదు, ముందు బేరింగ్ సందు కొలిచి చూడమంది. కోడ్ రాసినవాళ్ళే కోడ్‌ను తీర్పుగా తీసుకోలేదు.

అమెరికా చదువులకు వెళ్ళిన మన పిల్లలు చవకలో వెతుక్కునే పాత కార్లలో క్యామ్రీ ఒకటి. 2007-2009 మోడళ్ళ 2.4 లీటర్ల క్యామ్రీలు ఆయిల్ తాగుతున్నాయని ఫిర్యాదులు వచ్చినప్పుడు టొయోటా నమ్ముకున్న పరీక్షలో స్కానర్‌కు చోటే లేదు. ఆయిల్ నింపి, 1,200 మైళ్ళు నడిపించి, డిప్‌స్టిక్ తీసి చూడడం. ఒక క్వార్ట్, అంటే లీటరుకు కాస్త తక్కువ, అంతకు మించి ఖర్చయితే పిస్టన్లు, రింగులు మార్చడం. ఆ కార్లలో చాలావాటిలో డిప్‌స్టిక్ తీసినవాళ్ళకు తప్ప జబ్బు తెలియలేదు.

ఇక సెకండ్ హ్యాండ్ బజారులో చెల్లుబాటయ్యే "క్లీన్ స్కాన్" సంగతి. కోడ్లు చెరపడానికి స్కానర్‌లో ఒక్క బటన్ చాలు, బ్యాటరీ తీగ విప్పినా చాలా బళ్ళలో పోతాయి. చెరిపాక చాలా లోపాలకు లైటు వెంటనే రాదు. వరుసగా రెండు ప్రయాణాల్లో అదే లోపం కనబడితేనే వెలిగేలా కంప్యూటర్‌ను రాశారు. కాబట్టి పొద్దున చెరిపిన బండి సాయంత్రం టెస్ట్ డ్రైవ్‌లో పతివ్రతే. కొనేవాళ్ళు చూడాల్సిన అంకెలు అదే డబ్బాలో వేరే పేజీలో ఉంటాయి: కోడ్లు చెరిపాక ఎన్ని కిలోమీటర్లు తిరిగింది, ఎన్నిసార్లు ఇంజన్ వేడెక్కింది, స్వీయ పరీక్షలు ఎన్ని పూర్తయ్యాయి. కోడ్లు సున్నా, చెరిపాక తిరిగింది 11 కిలోమీటర్లు అని ఉంటే, ఆ సున్నా కంటే ఈ పదకొండుకే ఎక్కువ విలువ ఇవ్వాలి. బ్రోకర్లు ఆ పేజీ తెరవరు, కొనేవాళ్ళు తెరవమని అడగరు.

గేర్‌బాక్స్ దగ్గరికి వస్తే స్కానర్ భక్తి మరీ విచిత్రంగా ఉంటుంది. మన పాత బళ్ళలో అత్యధికం మాన్యువల్ గేర్లవి. అక్కడ కంప్యూటర్‌కు దాదాపు ఏమీ తెలియదు. అయినా "గేరు పడడం లేదు" అని వస్తే ముందు డబ్బా పెట్టి, ఏమీ రాకపోయేసరికి "గేర్‌బాక్స్ దింపి చూడాలి" అంటారు. ఆ రెంటి మధ్య డ్రైవర్ సీట్లో కూర్చుని అయిదు నిమిషాల్లో చేసే పరీక్షలున్నాయి. ఇంజన్ ఆపేస్తే గేర్లన్నీ హాయిగా పడి, నడుస్తున్నప్పుడే పడకపోతే చూడాల్సింది క్లచ్ పూర్తిగా విడుస్తోందా లేదా అని. క్లచ్ తొక్కి కొన్ని క్షణాలు ఆగి రివర్స్ వేసినా గరగరమంటే అనుమానం అటే బలపడుతుంది. టాప్ గేరులో యాక్సిలరేటర్ నొక్కితే ఆర్‌పీఎం ఎగిరి వేగం పెరగకపోతే క్లచ్ ప్లేట్ జారుతోంది. న్యూట్రల్‌లో వచ్చే మోత క్లచ్ తొక్కగానే ఆగితే గేర్‌బాక్స్ ఇన్‌పుట్ షాఫ్ట్ బేరింగ్, తొక్కినప్పుడే వస్తే రిలీజ్ బేరింగ్. బండి కదిలేటప్పుడు ధడేల్‌మని జర్క్ వస్తే ముందు చూడాల్సింది గేర్‌బాక్స్ కంటే చవకైన మౌంటింగ్ రబ్బర్లు.

ఆటోమేటిక్‌లలో కోడ్లు ఉంటాయి, కానీ వాటిలో ప్రసిద్ధమైన పి0700కు అర్థం "గేర్‌బాక్స్ కంప్యూటర్ దగ్గర ఏదో రాసి ఉంది, వెళ్ళి చూసుకో" అని మాత్రమే. చవక బ్లూటూత్ డబ్బాల్లో చాలావాటికి ఆ రెండో కంప్యూటర్ తలుపు తెరుచుకోదు. పి0730 వస్తే లోపలికి తిరిగిన చుట్లకూ బయటికి వచ్చిన చుట్లకూ లెక్క కుదరలేదని, అంటే ఎక్కడో జారుతోందని తెలుస్తుంది. ఆయిల్ తగ్గి జారుతోందా, సోలనాయిడ్ పట్టేసి జారుతోందా, లోపలి క్లచ్ పలకలు అరిగి జారుతోందా అన్నది ఆయిల్ మట్టం, రంగు, మాడువాసన, ఒత్తిడి చూస్తే తప్ప తేలదు. ఈ మూడింటి బిల్లులకూ పోలికే లేదు.

ఫోక్స్‌వాగన్ ఏడు గేర్ల డీఎస్‌జీ ఆటోమేటిక్ గేర్‌బాక్స్ ఉదంతం ఇక్కడ గుర్తుచేసుకోవాలి. మన పోలో జీటీ టీఎస్‌ఐలో వచ్చినదీ ఏడు గేర్ల డీఎస్‌జీయే. 2013 నవంబరులో ఆ కంపెనీ ప్రపంచవ్యాప్తంగా సుమారు 16 లక్షల కార్లను ఈ గేర్‌బాక్స్ కోసం వెనక్కి పిలిచింది. బయటికి కనిపించే లోపం విద్యుత్ సరఫరాలో, మూలం గేర్‌బాక్స్‌లో పోసిన సింథటిక్ ఆయిల్‌లో. వేడి, తేమ ఎక్కువగా ఉన్న వాతావరణంలో, ఆగుతూ సాగే ట్రాఫిక్‌లో ముప్పు ఎక్కువ. మందు ఏమిటంటే ఆ ఆయిల్ తీసి మినరల్ ఆయిల్ పోయడం. విద్యుత్ లోపమని కోడ్ చదివి తీగలు వెతికినవాడికి ఆయిల్ ఎప్పటికి తట్టాలి?

ఇంతవరకూ చదివి, అయితే పాత ఉస్తాద్ చెవే నయమన్నమాట అనుకునేవాళ్ళుంటారు. అదీ కాదు. చెవి కూడా ఫిర్యాదే రాస్తుంది. ట్యాపెట్ టకటక, మానిఫోల్డ్ గ్యాస్కెట్ లీకు టకటక ఒకేలా వినిపిస్తాయి. ఆయిల్ మూత తీస్తే పొగ ఉబికి వస్తే మన మెకానిక్కులు "బ్యాక్ కంప్రెషన్" అంటారు, రింగులు పోయాయంటారు. ఇంజన్ లోపలి గాలికి దారి ఇచ్చే పీసీవీ వాల్వ్ మూసుకుపోయినా ఆ గాలి అలాగే పైకి తంతుంది. చెవి అనుమానాన్ని పుట్టించాలి, స్కానర్ దాన్ని ఇంకాస్త ఇరుకు చేయాలి, తేల్చాల్సింది మాత్రం గేజ్.

తేల్చడం ఎలా ఉంటుందో ఒక నాలుగు సిలిండర్ల పెట్రోల్ ఇంజన్ మీద చూద్దాం. మిస్సింగ్ ఉంది, స్కానర్ మూడో సిలిండర్ అంటోంది, కాయిల్, ప్లగ్ పక్క సిలిండర్‌కు మార్చినా మిస్సింగ్ మూడులోనే ఉంది. ప్లగ్‌లన్నీ విప్పి, పెట్రోల్, కరెంటు ఆపి, యాక్సిలరేటర్ పూర్తిగా నొక్కి సెల్ఫ్ కొడితే కంప్రెషన్ గేజ్ 170, 168, 110, 172 పీఎస్‌ఐ చూపిందనుకుందాం. ఇంకా "బోరుకొచ్చింది" అనకూడదు. మూడో సిలిండర్‌లో ఒక చెంచా ఇంజన్ ఆయిల్ పోసి మళ్ళీ కొట్టాలి. అంకె 150కి లేస్తే రింగుల సందును ఆయిల్ మూసిందన్నమాట, జబ్బు కిందుంది. 110 దగ్గరే నిలబడితే జబ్బు పైనుంది. ఇప్పుడు అదే సిలిండర్‌లోకి కంప్రెసర్ గాలి ఎక్కించి చెవి పెట్టాలి: సైలెన్సర్‌లో బుస్సుమంటే ఎగ్జాస్ట్ వాల్వ్, థ్రాటిల్ దగ్గర బుస్సుమంటే ఇంటేక్ వాల్వ్, రేడియేటర్‌లో బుడగలు లేస్తే హెడ్ గ్యాస్కెట్, డిప్‌స్టిక్ గొట్టంలోంచి వస్తే రింగులే. వాల్వ్ అని తేలితే హెడ్డు దింపితే సరిపోతుంది, బోరు జోలికి వెళ్ళక్కర్లేదు. చెవి పనికొచ్చేది ఇలాంటి చోట, ఎక్కడ వినాలో గేజ్ చెప్పాక.

ఇవేవీ రహస్య విద్యలు కావు. విజయవాడ ఆటోనగర్‌లోనో, హైదరాబాద్ రాణీగంజ్‌లోనో కంప్రెషన్ గేజ్ అడిగితే ఇస్తారు. మంచి మెకానిక్కులకు ఈ పరీక్షలన్నీ తెలుసు. మరి ఎందుకు చేయరు? ఎందుకంటే పార్టు మీద కమీషన్ ఉంది, పరీక్ష మీద పైసా రాదు. ఆక్సిజన్ సెన్సర్‌కు వేలు ఇచ్చే కస్టమరే గంటన్నర కొలిచినందుకు అయిదు వందలు అడిగితే "చూడ్డానికి డబ్బులేంటి?" అని కళ్ళెర్రజేస్తాడు. స్కానర్ రెండు నిమిషాల్లో ఒక పేరు చెబుతుంది, ఆ పేరు అమ్ముకోవచ్చు. ఈ ఏర్పాటులో తప్పు ఊహలకు శిక్ష కస్టమర్‌కే పడుతుంది, మెకానిక్‌కు పడదు. దాన్ని నిలబెడుతున్నదీ ఆ కస్టమరే.

స్కానర్‌ను పక్కన పడేయమని ఎవరూ అనడం లేదు. అది లేకుండా ఇప్పటి బండి ముట్టుకోవడం మూర్ఖత్వం. కోడ్ పడిన క్షణంలో వేగం ఎంత, వేడి ఎంత, ఆర్‌పీఎం ఎంత అన్నది అది దాచి ఉంచుతుంది. వచ్చిపోయే లోపాలను పట్టడానికి అంతకు మించిన ఆధారం లేదు. 2014లో సెలెరియోతో మొదలై మన దగ్గర విస్తరించిన, క్లచ్‌నూ గేర్లనూ కంప్యూటరే నడిపే ఏఎంటీ బళ్ళలో క్లచ్ ప్లేట్ మార్చాక కొత్త పట్టు ఎక్కడుందో కంప్యూటర్‌కు నేర్పడం దానితోనే అవుతుంది. అభ్యంతరం స్కానర్ మీద కాదు, దర్యాప్తు మొదలయ్యే చోట దాన్ని ముగించే అలవాటు మీద.

దీనికి కావాల్సింది పెద్ద సంస్కరణేం కాదు. షెడ్డు బిల్లులో పరీక్షకు విడిగా ఒక వరుస ఉండాలి: ఏం కొలిచారు, ఎంత వచ్చింది, ఎంత ఉండాలి. పార్టు మార్చే ముందు ఆ వరుస నిండాలి. పాత కార్లు అమ్మే దుకాణాలు వందల పాయింట్ల తనిఖీ చేశామని రంగురంగుల కాగితం ఇస్తాయి. సీటు కవరుకూ అద్దం గీతకూ చోటున్న ఆ కాగితంలో ఒక్కో సిలిండర్ కంప్రెషన్ అంకె కనిపించడం అరుదు. కొనేవాళ్ళు దాన్ని రాయించుకోవాలి. రాత్రంతా చల్లబడిన ఇంజన్‌నే తమ ముందు స్టార్ట్ చేయించుకోవాలి. డీజిల్ అయితే గ్లో ప్లగ్‌లు విప్పాలి, మరో గంట పడుతుంది, కూలి అవుతుంది అని బ్రోకర్ నసిగితే ఆ కూలి తామే కడతామని చెప్పొచ్చు. అప్పటికీ గేజ్ పెట్టనివ్వకపోతే, ఇంజన్ పని ఖర్చు మొత్తం తగ్గించి ఆ బండికి ధర చెప్పాలి.